చెమట కారితే కొవ్వు కరిగినట్లేనా?

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు, బరువు 70 కిలోలు. బట్టల దుకాణం నడుపుతున్నాను. మూడు నెలలుగా రోజూ ఉదయం రెయిన్‌కోటు తొడుక్కుని మరీ గంటసేపు మైదానంలో నడుస్తున్నాను. ఒళ్ళు తడిసి ముద్దయితేనే కొవ్వు కరుగుతుందనీ, అదీ మొదటి 20 నిమిషాలు దాటాకేననీ మిత్రులు చెప్పారు. ఇంటికొచ్చి కాటా ఎక్కితే అర కిలో తగ్గినట్లు చూపిస్తుంది. సాయంత్రానికి మళ్ళీ మొదటికే వస్తుంది. పొట్ట మాత్రం అలాగే ఉంది. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందుగా ఆ రెయిన్‌కోటును చిలక్కొయ్యకు తగిలించండి. చెమట అనేది ఒంట్లో పుట్టిన వేడిని బయటికి పంపడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు. అది చర్మం మీద ఆవిరైనప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. మన తీరప్రాంతపు ఉక్కపోతలో గాలి తేమతో నిండి ఉంటుంది కనుక చెమట ఆవిరి కాకుండా ధారగా కారిపోతుంది. అందువల్ల ఒకే మనిషి ఒకే వేగంతో డిసెంబరులో నడిచినా మే నెలలో నడిచినా ఖర్చయ్యే శక్తి ఇంచుమించు సమానమే అయినా, చొక్కా తడిసే తీరు మాత్రం వేరుగా ఉంటుంది. రెయిన్‌కోటు ఆవిరయ్యే ఆ కాస్తను కూడా అడ్డుకోవడంతో లోపలి వేడి పెరుగుతుంది. కండరాలకే కాక చర్మానికీ గుండె అదనంగా రక్తం పంపవలసి వస్తుంది. రోహిణీ కార్తెలో ఈ పని చేస్తే వడదెబ్బ తగలవచ్చు. కాటా మీద తగ్గిన అర కిలో అర లీటరు నీరే; అది తిరిగి రావాలి కూడా.

అసలు లెక్క ఇది. మీ బరువున్న మనిషి గంటలో ఐదు కిలోమీటర్లు నడిస్తే సుమారు 250 కేలరీలు ఖర్చవుతాయి. ఊరికే కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యే 70 తీసేస్తే మిగిలేది 175 లేదా 180. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి కాబట్టి, తిండి ఏమాత్రం పెరగకుండా ఉంటే మూడు నెలలకు తగ్గేది రెండు కిలోలే. వచ్చేటప్పుడు దారిలో నెయ్యి కారం దోసె తింటుంటే ఆ రెండు కూడా తగ్గవు (ఆ దోసె రుచి నాకూ తెలుసు). ఇక 20 నిమిషాల మాటకు ఆధారం లేదు. శరీరం మొదటి నిమిషం నుంచే చక్కెరనూ కొవ్వునూ రెంటినీ వాడుకుంటుంది, వాటి పాళ్ళు మాత్రమే మారుతుంటాయి. ఎక్కడి కొవ్వు ముందు కరగాలో మనం నిర్ణయించలేము కనుక పొట్టను చూసి నిరాశపడవద్దు.

వ్యాయామం సరిగా సాగుతోందా అన్నది ఊపిరిని బట్టి తెలుసుకోండి. పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉంటే అది మధ్యస్థ వ్యాయామం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించినది అలాంటి వ్యాయామం వారానికి 150 నుంచి 300 నిమిషాలు. మీరు 420 నిమిషాలు నడుస్తున్నారు. కాటా చూపించకపోయినా మీ గుండెకు అందవలసినది అందుతోంది. నిద్ర లేవగానే చూసుకునే నాడి వేగం నెలల మీద కొంచెం తగ్గడం, మెట్లెక్కితే మునుపటంత ఆయాసం రాకపోవడం దానికి గుర్తులు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని, 60 ఏళ్ళు. బీపీకి అటెనొలాల్ వాడుతున్నాను. ఎంత వేగంగా నడిచినా వాచీలో గుండె వేగం 100 దాటదు. 220లోంచి వయసు తీసేసి, అందులో 70 శాతానికి చేరకపోతే ఆ నడక వృథా అని మనవడు అంటున్నాడు. పదివేల అడుగులు కూడా పూర్తి కావడం లేదు.
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ మనవడు చెప్పిన సూత్రం సగటు మనిషి గరిష్ఠ గుండె వేగానికి సంబంధించినది, ఆరోగ్యవంతులలోనే అది నిమిషానికి పది పన్నెండు సార్లు అటూ ఇటూగా ఉండడం మామూలు. మీ విషయంలో అది బొత్తిగా వర్తించదు, ఎందుకంటే అటెనొలాల్ గుండె వేగాన్ని తగ్గించే మందు. వాచీలో అంకె పెరగాలని మాత్ర మానవద్దు. పైన చెప్పిన ఊపిరి పరీక్షే మీకూ సరిపోతుంది. పదివేల అడుగులన్నది 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్కింపు పరికరం పేరులోంచి పుట్టింది, వైద్యపరిశోధనలోంచి కాదు. అంతకంటే చాలా తక్కువ అడుగులతోనే మేలు మొదలవుతుంది. నడుస్తుండగా ఛాతీ పట్టేసినట్లున్నా, కళ్ళు తిరిగినా మాత్రం ఆగిపోయి వెంటనే వైద్యుని సంప్రదించండి.

ప్రశ్న: మోకాళ్ళ నొప్పులున్నాయి. నడిస్తే గుజ్జు అరిగిపోతుందని భయపడి నడక మానేశాను.
— ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: మీరు గుజ్జు అంటున్న మృదులాస్థికి రక్తనాళాలు లేవు, కీలు మీద బరువు పడి, మళ్ళీ వదిలినప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కాబట్టి కదలకుండా కూర్చోవడం దానికి మేలు చేయదు. చదునైన నేల మీద, నొప్పి పెరగనంత దూరం నడవండి. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి పది సార్లు లేచి కూర్చుంటే మోకాలి బరువును తొడ కండరాలు పంచుకుంటాయి. మోకాలు వాచి వేడిగా ఉన్న రోజున విశ్రాంతి తీసుకోండి. మీ ప్రాంతపు భూగర్భజలాల్లో ఫ్లోరైడు సమస్య ఉన్నది కనుక, నడుము, మెడ కూడా బిగుసుకుపోతుంటే ఏ నీరు తాగుతున్నారో, ఎన్నేళ్ళుగా తాగుతున్నారో వైద్యునికి తప్పక చెప్పండి.