చెవి వినేది ధ్వనినా, అక్షరాన్నా?

సందేహం: శ్రుతలేఖనంలో ‘అర్థం’ అని ఒత్తి పలికినా మా పిల్లల్లో సగంమంది ‘అర్ధం’ అని రాస్తున్నారు. నాకేమో రెండూ వేరువేరుగానే వినబడతాయి. తప్పు వాళ్ల చెవిదా, చేతిదా?
– ఒక ఉపాధ్యాయిని, ప్రొద్దుటూరు

సమాధానం: ముందు మీ చెవినే శంకించాలమ్మా! పలికేది మీరు, రాత ముందే తెలిసిందీ మీకే. తోటి టీచరుతో ఈ రెండు మాటలనూ కలగాపులగంగా ఇరవైసార్లు చదివించి, మీరు గోడవైపు తిరిగి రాసుకోండి. పదీ పదకొండూ సరిపోతే అది వినికిడి కాదు, ఊహ. ‘థ’ పలికేటప్పుడు గొంతు అదురు ఆగాలి. ముందున్న ‘ర్’కూ వెనకున్న అచ్చుకూ అదురు ఉంటుంది గనక మధ్యలో ఆగదు; ‘ధ’ అయిపోతుంది. రాతలో తేడా అక్షరం కడుపులో చుక్క ఒక్కటే.

రాత వినికిడిని లాగుతుందని 1979లో సైడెన్‌బర్గ్, టానెన్‌హాస్ అనే పరిశోధకులు చూపారు. అంత్యప్రాస కలిసిన ఇంగ్లీషు మాటలే అయినా, స్పెల్లింగులు వేరైతే (టై–రై, అంటే tie–rye లాగా) విన్నవాళ్లు ‘కలిసింది’ అనడానికి ఎక్కువసేపు తీసుకున్నారు.

మనకిది కొత్తా? ర–ఱలను చూడండి. మీ ఊరికి దగ్గరి కలమళ్ల శాసనంలో (క్రీ.శ. 575 ప్రాంతం) ‘చిఱుంబూరి’ అని ఉంది; ఒక్క మాటలోనే రెండు రేఫలూ! చెక్కినవాడికి అవి రెండు ధ్వనులు. చెయ్యేరు అనే పేరులోని ‘ఏఱు’ నది. ఏరువాకలోని ‘ఏరు’ నాగలి. చెట్టుకుండేది ‘వేరు’, కాపురం పెట్టేది ‘వేఱు’. తమిళంలో ఈ జంటలకు నేటికీ రాత వేరు. మన నోట రెండూ కలిసిపోయాక కూడా ఛందస్సు నియమాలు రాసిన లాక్షణికులు ర–ఱలకు ప్రాస కుదరదన్నారు. ప్రాస చెవి సొత్తు కదా, తీర్పు చెప్పిందెవరు? కన్ను! ఇప్పుడు బడిపుస్తకం ‘గుఱ్ఱా’న్ని ‘గుర్రం’ చేసింది, కన్నుకూ ఆ జ్ఞాపకం పోయింది. నాకు కష్టంగానే ఉంది గానీ, ఱను మళ్లీ నేర్పమని పట్టుబట్టను.

‘బాధ’ను ‘భాద’గా రాయడం మాత్రం వేరే జబ్బు. ఒత్తు ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. టీవీ స్క్రోలింగులు దాన్ని రోజూ పెంచి పోషిస్తున్నాయి.

ఇక మార్కుల సంగతి. విడిమాటగా చెప్పి రాయించినప్పుడు కోయకపోవడమే న్యాయమనిపిస్తుంది. ‘పద్యానికి అర్థం’, ‘అర్ధరూపాయి’ అని చెప్పాక కూడా తప్పితే, కోయండి, అరమార్కు చాలు.