భార్య ఫ్రీలాన్స్ పనికి ఎల్ఎల్‌పీనా, ఓపీసీనా? (సమాధానం)

మీ భార్య ఇంటీరియర్ డిజైన్లు గీసి నెలకు 40 వేలు సంపాదిస్తున్నారని, ఆమెకు వేరే ఆదాయం లేదని రాశారు. ఆ పనికి ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) పెట్టాలా, ఓపీసీ (ఒకే వ్యక్తి కంపెనీ) పెట్టాలా అని అడిగారు. రెండూ వద్దు. అసలు చిక్కు, ఆమె గీసే ఇంటీరియర్ డిజైన్ల డబ్బు మీ ఖాతాలో పడటం. అలా పడితే అది మీ ఆదాయంగానే కనిపిస్తుంది, మీ స్లాబులో పన్ను పడుతుంది. మీ పేరుతో బిల్లు ఇచ్చి, ఆమెకు జీతంలా చూపించే దారీ మంచిది కాదు. ఆ జీతం మళ్ళీ మీ ఆదాయంలో కలిసే ప్రమాదం ఉంది.

నెలకు 40 వేలకు ఆమె సొంత పేరు మీద చేసుకోవడమే సరిపోతుంది. దానికి కంపెనీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

1. ఈ నెల నుంచే బిల్లు ఆమె పేరుతో, ఆమె పాన్ నంబరుతో ఇవ్వండి.

2. డబ్బు ఆమె ఒక్కరి పేరున్న ఖాతాలోకే రావాలి. చాలామంది బిల్లు మార్చి, పాత యూపీఐ క్యూఆర్ మార్చడం మర్చిపోతారు. అదీ మార్చండి. క్లయింట్ టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) కోస్తే ఆమె పాన్ మీదే కోయమనండి.

3. ఏడాదికి 4.8 లక్షలు. ఇంటీరియర్ డెకరేషన్‌కు ఊహాజనిత ఆదాయ పద్ధతి (వచ్చిన డబ్బులో సగాన్ని ఆదాయంగా లెక్కించడం) ఉంది కాబట్టి సగం, అంటే 2.4 లక్షలు చూపి ఐటీఆర్-4 (ఆ పద్ధతికి వాడే రిటర్ను ఫారం) వేయొచ్చు. వేరే ఆదాయం లేదన్నారు కనుక పన్ను పడదు, కోసిన టీడీఎస్ వెనక్కొస్తుంది.

4. సేవలకు జీఎస్టీ పరిమితి 20 లక్షలు. ఇప్పుడు అవసరం లేదు.

ఎల్ఎల్‌పీకి ఇద్దరు భాగస్వాములు కావాలి, లాభం మీద 30 శాతం పన్ను. ఓపీసీకి ఏటా ఆడిట్ తప్పదు. ఆమె ఎవరితోనైనా కలిసి పెద్ద కాంట్రాక్టులు పట్టేటప్పుడు ఎల్ఎల్‌పీ చూడొచ్చు.