లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం: సగం రోజే ఉంటే ఏం చూడాలి?

పెద్దవాళ్లతో, ఎనిమిదేళ్ల పాపతో వెళ్తున్నామని, సగం రోజే టైముందని, లోపల ఏది వదలకూడదో చెప్పమని అడిగారు. నేను రెండుసార్లు వెళ్లాను. 2012లో ఒక్కణ్ణే, 2019లో నాన్నతో, మా పాపతో. నా సలహా ఒకటే. లోపలికి వెళ్లేముందు రోడ్డు మీదే పది నిమిషాలు ఆగండి, ఎందుకంటే అక్కడ చూడాల్సిన మొదటి వస్తువు ఆ భవనమే.

మొదటిసారి నాకిది తెలియలేదు. తిన్నగా డైనోసార్ల క్యూలో నిలబడ్డాను. రెండోసారి మా పాప గోడ మీద ఏదో జంతువు ఉందని చెయ్యి పట్టి లాగితే గానీ తల ఎత్తి చూడలేదు. భవనమంతా టెర్రాకోటతో, అంటే కాల్చిన మట్టి పలకలతో కట్టారు. లేత గోధుమరంగు, మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు చారలు. అప్పటి లండన్ గాలి నిండా బొగ్గుపొగే కదా, మామూలు రాయి నల్లబడిపోతుంది, దీన్నైతే కడిగేయొచ్చు. ముందు ఈ పని ఫ్రాన్సిస్ ఫౌక్ అనే ఇంజనీరుది. 1865లో ఆయన చనిపోతే ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్ చేతికొచ్చింది. ఆయన పాతకాలపు చర్చి పోకడలో కట్టాడు. 1881 ఏప్రిల్ 18న తెరిచారు.

రోడ్డు మీంచి భవనం వైపు నిలబడితే ఎడమ రెక్క మీద ఇప్పుడు బతికున్న జంతువుల బొమ్మలు, కుడి రెక్క మీద అంతరించిపోయినవి. ఇలా విడదీయాలని పట్టుబట్టింది మ్యూజియం వెనకున్న పెద్దమనిషి రిచర్డ్ ఓవెన్. పాత జీవులు మారుతూ మారుతూ ఇప్పటివయ్యాయన్న డార్విన్ మాట ఆయనకు గిట్టేది కాదు. తమాషా ఏంటంటే, లోపల పెద్ద హాలు మెట్ల మధ్యలో దర్జాగా కూర్చున్నది డార్విన్ పాలరాతి విగ్రహమే! చాలా ఏళ్లు ఆ చోట ఓవెన్ విగ్రహం ఉండేది. తర్వాత డార్విన్‌ని మళ్లీ అక్కడికి తెచ్చారు.

ఆ హాల్లో కమానుల అంచుల మీద మట్టి కోతులు పాకుతూ ఉంటాయి. పాపకి 'ఎన్ని కోతులో లెక్కపెట్టు' అని చెప్పండి, ఆలోపు మీరు కప్పు చూడొచ్చు. 162 పలకల మీద మొక్కల బొమ్మలు, బంగారు మెరుగుతో. పత్తి, తేయాకు, పొగాకు కూడా ఉన్నాయి. అవి చూసి మా నాన్న, 'అంటే మన దగ్గర పట్టుకెళ్లిందంతా పైన రాసిపెట్టుకున్నారన్నమాట' అన్నారు. కోహినూర్ కూడా ఇక్కడే ఉందేమోనని వెతికారు కూడా. అది ఇక్కడ కాదు, టవర్ ఆఫ్ లండన్‌లో.

2012లో ఆ హాలు మధ్యలో డిప్పీ అనే డిప్లొడోకస్ డైనోసార్ అస్థిపంజరం ఉండేది. దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుని, అది ప్లాస్టర్ అచ్చని తర్వాత తెలిసి నీరసపడ్డాను. 2017లో దాన్ని తీసేసి నీలి తిమింగలం అస్థిపంజరం వేలాడదీశారు. 1891లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం అది. 25 మీటర్ల పైనే. నోరు తెరిచి కిందికి దూకుతున్నట్టు ఉంటుంది. మేడ మీది వరండాకి వెళ్లి చూడండి, వెన్నుపూస ఒక్కొక్కటీ దగ్గరగా కనిపిస్తుంది. ఇవి అసలు ఎముకలే.

మిగతాదాంట్లో అంతరించిపోయిన డోడో పక్షి అస్థిపంజరం, డైనోసార్లకీ పక్షులకీ మధ్యస్థంగా ఉండే ఆర్కియోప్టెరిక్స్ అనే పాత జీవి ఈకల అచ్చుతో ఉన్న శిలాజం తప్పకుండా చూడండి. రెండూ ట్రెజర్స్ గ్యాలరీలోనే ఉంటాయి, చిన్న గది కాబట్టి పెద్దవాళ్లకి నడక తక్కువ. మొత్తం నమూనాలు 8 కోట్లు అంటారు, బయటికి పెట్టేది అందులో ఆవగింజంత. అన్నీ చూసేద్దామన్న టెన్షన్ వద్దు.

ఎంట్రీ ఫ్రీ, ప్రత్యేక ప్రదర్శనలకే టికెట్. స్కూళ్ల సెలవు వారాల్లో మాత్రం వెళ్లకండి. మేము అలాగే వెళ్లి డైనోసార్ల దగ్గర గంట పైనే నిలబడ్డాం, తప్పు మాదే. తీరా లోపలికి వెళ్తే కదిలే టీ-రెక్స్‌ని చూసి పాప ఏడుపు.

హైదరాబాద్ తిరిగొచ్చాక బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడ గోదావరి లోయలోని యామనపల్లిలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది కదా, జురాసిక్ కాలం నాటిది. పాప దాని కాళ్ల దగ్గర నిలబడి మొట్టమొదట అడిగిన ప్రశ్న, 'ఇవి నిజం ఎముకలా, ప్లాస్టరా?'

నిజం ఎముకలే అన్నాను. అప్పుడు ఫొటో తియ్యమంది.