రైతుకు పెట్టుబడి, మీకు కూరగాయల ఖర్చు

ప్రశ్న: మాకు దగ్గర్లోని ఒక సేంద్రియ పొలం వాళ్లు 24 వారాల సీజన్‌కు వారానికో కూరగాయల పెట్టె ఇస్తామంటున్నారు. వారం వారం కడితే మామూలు ధర, మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు, కాకపోతే సీజన్ మొదలవడానికి రెండు నెలల ముందే కట్టాలి. చేతిలో అంత లేదు. ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీసి కట్టేసి, కూరగాయల మీద మిగిలే డబ్బుతో మళ్లీ నింపుదామనుకుంటున్నాను. మంచి పెట్టుబడే కదా? వంట ఎక్కువగా చేసేది మా ఆవిడ, తను మాత్రం వద్దంటోంది.

జవాబు: ముందు ఆ పెట్టుబడి అన్న మాట సంగతి తేల్చుకుందాం. దాన్ని రైతు ఒక అర్థంలో వాడతాడు, మనం ఇంకో అర్థంలో వాడతాం. పంట చేతికి రాకముందే విత్తనాలకు, నారుకు, ఎరువుకు, కూలీలకు పెట్టే డబ్బు రైతుకు పెట్టుబడి, మీ దగ్గర ముందే తీసుకునేది సరిగ్గా అందుకే. మీ వైపు నుంచి చూస్తే అది కూరగాయల ఖర్చు, అంతే, ఐదారు నెలల ఖర్చు ఒకే రోజు పెట్టేస్తున్నారు. వాళ్లు దాన్ని 'షేర్' అంటారు గానీ అందులో డివిడెండ్ రాదు, ధర పెరిగాక అమ్ముకునేదీ లేదు, తినడమే.

పద్ధతి మంచిదే, కొత్తదీ కాదు. దీన్నే కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్, పొట్టిగా సీఎస్ఏ అంటారు. జపాన్‌లో 1970ల్లోనే వినియోగదారుల కుటుంబాలు రైతులతో నేరుగా ఇలాంటి ఒప్పందాలు చేసుకున్నాయి, వాటికి 'తెయికెయి' అని పేరు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్ దాదాపు ఒకేసారి దీన్ని మొదలుపెట్టాయి. ఎక్కడ నడిచినా అసలు సూత్రం ఒకటే, పంట విరగకాస్తే పెట్టె నిండుతుంది, వడగళ్లు పడితేనో పురుగు తింటేనో పెట్టె తేలికవుతుంది, ఆ నష్టంలో మీకూ భాగం ఉంటుంది. అందుకే దీన్ని ఎవరికో ఇచ్చిన చేబదులులా చూడకండి, తక్కువొచ్చిన వారం డబ్బు వెనక్కి అడగడానికి ఉండదు.

ఇప్పుడు తగ్గింపు లెక్క. కట్టిన డబ్బంతా 24 వారాలూ వాళ్ల దగ్గరే ఉండిపోదు, వారం వారం కూరగాయలై తిరిగొస్తుంటుంది, కాబట్టి సగటున 12 వారాలు అనుకోండి, ముందు కట్టిన ఆ రెండు నెలలు, అంటే మరో 8 వారాలు కలిపితే 20 వారాలు. ఏడాదికి 7 శాతం వడ్డీ వచ్చే చోట ఆ డబ్బు 20 వారాలు పెట్టినా వచ్చేది 2.7 శాతమే. వాళ్లిచ్చే 5 శాతం దానికి దాదాపు రెట్టింపు. కాగితం మీద బాగుంది.

కానీ ఈ సీజన్‌లో మీరు రెండు వారాలు ఊళ్లో లేరనుకోండి, ఆ పెట్టెలు ఎవరూ తీసుకోలేదు. 24లో రెండంటే 8 శాతం పైనే. తగ్గింపు పోయి ఎదురు నష్టం. ఆ రెండు వారాల పెట్టెలు పక్కింటివాళ్లు తీసుకోవచ్చా, తర్వాతి వారానికి జరపొచ్చా అన్నది ఎంత శాతం తగ్గిస్తారన్న దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

ఎమర్జెన్సీ ఫండ్ మాత్రం ముట్టుకోకండి. ఐదో వారంలో జీతం ఆగిపోయిందంటే మీ దగ్గర ఇంకో 19 వారాల కూరగాయలు ఉంటాయి, నిజమే, ఇంటి అద్దె గుమ్మడికాయల్లో కట్టలేరు కదా. క్రెడిట్ కార్డు మీద కట్టి నెలనెలా తీర్చుకుందాం అనే ఆలోచన కూడా వద్దు, నెలకు 2, 3 శాతం వడ్డీ పడే చోట ఆ 5 శాతం ఎంతోకాలం నిలబడదు. పైగా "మిగిలే డబ్బుతో నింపుతాను" అన్నారు చూశారా, నాకు నమ్మకం కుదరనిది అక్కడే. పెట్టె వచ్చినంత మాత్రాన కూరగాయల దుకాణానికి వెళ్లడం మానం. అందులో లేనివి కొంటాం, ఉన్నా పిల్లలు తిననివి పక్కన పెట్టి వేరేవి కొంటాం, పొలం దాకా వెళ్లి తెచ్చుకోవాలంటే పెట్రోలు. మిగులు అనుకున్నది ఇలాగే కరిగిపోతుంది.

అసలు ఖర్చు మాత్రం ఫ్రిజ్‌లో తేలుతుంది. నేను ఇలాంటి పద్ధతిలో చేరిన మొదటి ఏడాది, మూడో వారానికే మా ఫ్రిజ్ కింది అరలో ఒక కవరు అడుగున ఆకుకూర నల్లబడి నీరు కారుతుంటే, దాని పక్కన ముల్లంగి రెండు వారాలవి పోగుపడి ఉన్నాయి. అందరికీ డబ్బు జాగ్రత్త చెప్పేవాణ్ని నేనే! ఆ పొలం వాళ్ల తప్పేం లేదు, ఏది కాస్తే అది ఇస్తామని ముందే చెప్పారు, ఏం వండాలో పెట్టె చూశాక ఆలోచించే అలవాటు మా ఇంట్లో లేదు. వచ్చినదాంట్లో 30 శాతం పారేస్తే, తిన్న ప్రతి కిలో మీరు అనుకున్నదానికంటే 43 శాతం ఎక్కువ పడినట్టు. ధర పోల్చేటప్పుడు పెట్టెలో వచ్చిన కిలోలు కాదు, నోట్లోకి వెళ్లిన కిలోలు లెక్కపెట్టండి. పోల్చేది కూడా మీరు ఇప్పుడు నిజంగా కొంటున్న వాటితోనే. ఇప్పటిదాకా మామూలు కూరగాయలే కొంటున్నవాళ్లు సేంద్రియ దుకాణం రేటుతో పోల్చుకుని ఇంత మిగిలిందని మురిసిపోతే అది మిగులు కాదు.

అందుకని ఈసారికి తగ్గింపు వదిలేసి వారం వారం కట్టే పద్ధతిలో చేరండి, అర పెట్టె ఇస్తారేమో అడగండి, లేకపోతే పక్కింటివాళ్లతో చెరిసగం పంచుకోండి. ప్రతి వారం పారేసినదాన్ని పారేసే ముందు తూకం వేసి ఫ్రిజ్ తలుపు మీద రాసిపెట్టండి, సిగ్గుపడాల్సిన పని లేదు. ఈలోపు వచ్చే సీజన్ కోసం నెలకు ఇంత అని వేరే ఖాతాలో వేస్తూ పోతే, అప్పటికి డబ్బూ ఉంటుంది, మీ ఇంటి అసలు వాడకం ఎంతో కూడా తెలుస్తుంది. అప్పుడు ఆ 5 శాతం హాయిగా తీసుకోండి.

పూర్తి డబ్బు కట్టే రోజు వచ్చినప్పుడు మాత్రం రాతపూర్వకంగా కొన్ని చూసుకోండి: సీజన్ మధ్యలో పొలం మూతపడితే మిగతా డబ్బు ఏమవుతుంది, పంట పోయినప్పుడు బయట కొని పెట్టెలో పెడతారా, సేంద్రియ ధ్రువీకరణ ఉందా లేక మాట మీదేనా. మాట మీదైనా తప్పేం లేదు, చిన్న రైతులు చాలామంది ఆ ఖర్చు, ఆ కాగితాలు భరించలేక తీసుకోరు, అలాంటప్పుడు వెళ్లి కళ్లతో చూసి రావాలి. పోయిన సీజన్‌లో ఏ వారం ఏమిచ్చారో జాబితా ఉంటే అడిగి తెచ్చుకోండి, నన్నడిగితే వాళ్ల కరపత్రం కంటే అది వంద రెట్లు నయం.

ఆ జాబితా ముందు మీ ఆవిడ చేతికి ఇవ్వండి. వద్దంటున్నది డబ్బు గురించేనా, ప్రతి వారం ఆ పెట్టెడు కూరలు కడిగి తరిగి వండాల్సింది తనే అనా అన్నది మీరు రాయలేదు. రెండోదైతే వారానికి మూడు రోజులు వంట నాది అని చెప్పి చూడండి, ఒప్పుకోవచ్చు.