నెలకోసారి వచ్చే ఆ ‘పిన్ని’ ఎవరు?

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు, ఉండేది పెరంబూర్‌లో. పెళ్లయి పదకొండేళ్లు. నాకు 38, మావారికి 43. పిల్లలు లేరు. మావారి ఉద్యోగం వల్ల రెండున్నరేళ్లు కొలంబోలో ఉండి ఈమధ్యే వచ్చేశాం. అక్కడ ప్రతి ఆదివారం నెగొంబో దగ్గర ఒక అనాథాశ్రమానికి వెళ్లేవాళ్లం. నాలుగేళ్ల పాప ఒకతి నాకు బాగా మాలిమి అయింది. వెళ్తే నా కొంగు వదిలేది కాదు. సింహళం తప్ప రాదు, కానీ సింహళంలోనూ అమ్మను అమ్మా అనే అంటారట. నన్ను అలాగే పిలుస్తుంది. పాపకు ఎవరూ లేరని, నెలకోసారి వచ్చి చూసి వెళ్లే ఆవిడ వరసకు పిన్ని అని ఆశ్రమం నడిపే ఆయన చెప్పారు. పన్నెండు లక్షలు విరాళంగా ఇస్తే మూడు నెలల్లో కాగితాలన్నీ చేయించి ఇస్తామన్నారు. ఇక్కడ దత్తతకు పేరు నమోదు చేసుకుంటే మూడేళ్లు పైనే పడుతుందంటున్నారు. మా అత్తగారేమో ‘ఏ దేశం పిల్లో’ అని సణుగుతున్నారు. డబ్బు కట్టేయమంటారా?
– పేరు వద్దన్న పాఠకురాలు, చెన్నై

జవాబు: కట్టొద్దమ్మా. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ ఆ నెలకోసారి వచ్చే ఆవిడ దగ్గరే ఆగిపోయాను. చూడటానికి నెలనెలా మనిషి వస్తున్న పిల్లకు ఎవరూ లేరని ఎలా అంటాం? ఆవిడ పిన్నే కావచ్చు. తల్లే కావచ్చు. అనాథాశ్రమాల్లో ఉండే పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికం వల్ల, జబ్బు వల్ల, ఇంట్లో చూసుకునేవాళ్లు లేక వదిలి ఉంటారు. మన కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి కువైట్ వెళ్లడం మీరు చూసే ఉంటారు. శ్రీలంక నుంచీ అలాగే వెళ్తారు. అమ్మమ్మ కూడా లేని బిడ్డ ఎక్కడ ఉంటుంది చెప్పండి?

పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి దత్తత ఇవ్వడానికి 1993 నాటి హేగ్ ఒప్పందం ఉంది. మన దేశమూ శ్రీలంకా రెండూ అందులో ఉన్నాయి. పాపకు సొంత దేశంలోనే ఇల్లు దొరుకుతుందా అని ముందు చూడాలని, తల్లిదండ్రుల సమ్మతి డబ్బిచ్చి తీసుకున్నది కాకూడదని అందులో రాశారు. ఇంకో మాట కూడా ఉంది. బయటివాళ్లు దత్తత కోరుకునేటప్పుడు ఈ సంగతులన్నీ అధికారులు తేల్చేదాకా వాళ్లు పిల్ల తల్లిదండ్రులతో గానీ, పిల్లను చూసుకుంటున్నవాళ్లతో గానీ దత్తత కోసం సంబంధం పెట్టుకోకూడదు. ఆశ్రమం ఆయన మీతో ఆడిన బేరం సరిగ్గా అదే. మీరు ప్రేమతో వెళ్లారు, మీ తప్పని నేననను. ఆయనకు మాత్రం ఈ నియమం తెలియదంటే నమ్మలేను.

పదిహేనేళ్ల కిందట మాకూ ఇలాంటి మనిషే తగిలాడు. ఇదే ఊళ్లో, ఒక ఆశ్రమంలో. వెళ్లిన రెండో వారానికే పసిబిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అడిగిన డబ్బు మావారి జేబులోనే ఉంది. ‘వీళ్లమ్మ ఎక్కడుంది?’ అని మా అత్తగారు అడిగితే ఆయన జవాబు చెప్పకుండా కాఫీ తెప్పించాడు. ఆ కాఫీ తాగకుండా లేచి వచ్చేశాం. ఆటోలో ఇల్లు చేరేదాకా ఏడ్చాను.

తర్వాత పద్ధతి ప్రకారం పేరు రాసుకుని ఎదురుచూస్తే మా అమ్మాయి వచ్చింది, రెండేళ్లప్పుడు. మొదటి నెలంతా దిండు కింద ఇడ్లీ ముక్క దాచుకుని పడుకునేది. దానికి పదహారు నిండినప్పుడు ఫైల్ చూస్తానంది. అందులో తమిళ పేపర్ కటింగ్ ఒకటి ఉంది. పోస్టల్ స్టాంపంత ఫొటో, భుజం మీంచి జారిపోతున్న గౌను, ఈ పాప తాలూకు వాళ్లెవరైనా ఉంటే రావాలని కింద నాలుగు లైన్లు. మా అమ్మాయి చాలాసేపు దాన్నే చూసి, ‘అయితే నాకోసం వెతికారన్నమాట’ అంది. ఆ కాగితం లేకపోతే ఆ రోజు దానికి నేనేం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు. పన్నెండు లక్షలకు వచ్చే ఫైల్లో ఆ కాగితం ఉండదమ్మా.

1990ల చివర్లో మన చెన్నై మురికివాడల్లో ఎత్తుకుపోయిన పిల్లల్ని అనాథలని రాసి విదేశాలకు పంపేశారు, ఆ కేసు సీబీఐ దాకా వెళ్లింది. 1980లలో శ్రీలంక నుంచి యూరప్ వెళ్లిన పిల్లలు పెద్దవాళ్లై తల్లుల కోసం తిరిగి వచ్చారు. కొందరి కాగితాల్లో తల్లి పేరే అబద్ధం. ఇలాంటివి బయటపడ్డాకే నెదర్లాండ్స్ 2021లో విదేశీ దత్తతల్ని తాత్కాలికంగా ఆపేసింది. పెంచినవాళ్లలో ఎంతమంది మీలాగే మంచి మనసుతో వెళ్లి ఉంటారో.

సరైన దారి ఉంది. ఢిల్లీలోని కారా, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకు రాయండి. శ్రీలంకలో పిల్లల సంరక్షణ శాఖ ఉంది, దత్తత వాళ్ల చట్టం ప్రకారం వాళ్ల కోర్టులోనే పూర్తి కావాలి. ఇక్కడ మీ ఇంటి పరిస్థితి చూసి నివేదిక రాస్తారు, కారా అనుమతి ఇస్తుంది. పాప శ్రీలంక పాస్‌పోర్టు మీద, మన వీసాతో వస్తుంది. మూడు నెలల్లో అయ్యే పని కాదు. ఇంకో మాట కష్టంగానే చెబుతున్నాను, ఏ పిల్లను ఎవరికివ్వాలో అధికారులే నిర్ణయిస్తారు. అన్నీ సవ్యంగా చేసినా ఈ పాపే మీకు రాకపోవచ్చు.

అందుకే ఇక్కడ కూడా పేరు నమోదు చేసుకోండి. ఇద్దరి వయసూ కలిపితే 81, రెండేళ్ల లోపు బిడ్డకు 85 దాకా, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90 దాకా ఒప్పుకుంటారు. మూడేళ్లు పట్టినా, ఈరోజు మొదలుపెడితేనే కదా. మీ అత్తగారి సణుగుడు గురించి టెన్షన్ పడకండి, పాప వచ్చి ఒళ్లో కూర్చున్న రోజున అది ఆగిపోతుంది.

ఆ పన్నెండు లక్షలు మీ దగ్గర నిజంగా ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను. ఆ ‘పిన్ని’ తల్లే అయితే, బిడ్డను ఇంటికి తీసుకెళ్లడానికి ఆవిడకు నెలకు ఎంత కావాలి? ఈ ప్రశ్న ఆశ్రమం ఆయన్ని కాదు, ఆ శాఖ వాళ్లను అడగండి. వాళ్లేమన్నారో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.