తల్లి పౌరసత్వం ద్వారా కుమారుడికి తొలి అమెరికా పాస్‌పోర్టు

నమస్కారమండీ. గత నెలలో మీరు అమెరికా పౌరసత్వ ప్రమాణం చేశారనీ, గ్రీన్‌కార్డుతో మీ దగ్గరే ఉంటున్న 14 ఏళ్ల బాబుకు విడిగా ఎన్-400 (అమెరికా పౌరసత్వం కోరే) దరఖాస్తు పెట్టాలా అనీ అడిగారు. దయచేసి పెట్టకండి, అది 18 ఏళ్లు నిండినవారి కోసం ఉద్దేశించినది, రుసుము వృథా అవుతుంది.

2001 ఫిబ్రవరి 27 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, తల్లిదండ్రుల్లో ఒకరు అమెరికా పౌరులై, 18 ఏళ్లలోపు బిడ్డ గ్రీన్‌కార్డుతో ఆ దేశంలోనే వారి చట్టబద్ధమైన సంరక్షణలో, వారితో కలిసి నివసిస్తూ ఉంటే, ఆ షరతులన్నీ ఏకకాలంలో నెరవేరిన క్షణంలోనే బిడ్డకు పౌరసత్వం దానంతటదే వస్తుంది. అంటే మీరు ప్రమాణం చేసిన రోజే మీ బాబు కూడా పౌరుడయ్యాడు. ఇక కావలసింది రుజువు మాత్రమే.

అందుకు పాస్‌పోర్టే దగ్గరి దారి. డీఎస్-11 అనే పాస్‌పోర్టు దరఖాస్తు నింపండి గానీ, దాన్ని స్వీకరించే అధికారి ఎదుట తప్ప సంతకం చేయకండి. 16 ఏళ్లలోపు వాడు కాబట్టి బాబుతో పాటు తల్లిదండ్రులిద్దరూ వెళ్లాలి. మీవారు రాలేకపోతే నోటరీ ఎదుట సంతకం చేసిన డీఎస్-3053 సమ్మతిపత్రం పంపాలి. బాబు జనన ధ్రువపత్రం, గ్రీన్‌కార్డు, మీ పౌరసత్వ ధ్రువపత్రం, వాటి నకళ్లు వెంట ఉంచుకోండి. జనన ధ్రువపత్రంలో మీ పేరు, పౌరసత్వ పత్రంలోని పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మనవాళ్ల పత్రాల్లో మామూలే, తేడా ఉంటే వివాహ ధ్రువపత్రం వంటి ఆధారం జతచేయండి.

ఈ పాస్‌పోర్టు అయిదేళ్లే చెల్లుతుంది. అందువల్ల, వీలున్నప్పుడు ఎన్-600 అనే దరఖాస్తు ద్వారా కాలపరిమితి లేని పౌరసత్వ ధ్రువపత్రం కూడా తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.