వేర్ల బ్యాక్టీరియా చదువుతానంటే కెమిస్ట్రీ వదలకూడదు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ప్లస్ టూ సైన్సు మొదటి ఏడు. పెరటి మట్టి ఒక డబ్బాలో, మహేంద్రతనయ ఏటి ఇసక ఇంకో డబ్బాలో పోసి ఉలవలు వేసి, నెల పోయాక పీకి చూసిందట. మట్టిలోదానికి వేర్లనిండా బుడిపెలు, ఇసకలోదానికి ఒక్కటీ లేదు. అప్పట్నుంచి వేర్లకీ బ్యాక్టీరియాకీ ఉన్న సంబంధమే చదువుతానంటోంది. ఆయన అడిగేది ఇదీ: దీంతో ఉద్యోగం వస్తుందా, కెమిస్ట్రీ అంటే పిల్లకి భయం కాబట్టి బీఎస్సీ బోటనీలో చేర్చేస్తే సరిపోతుందా?

సార్, రెండోదానికే ముందు చెప్తాను, పొరపాటు జరిగేలా ఉన్నది అక్కడే. మీ అమ్మాయి చూసినది పైకి బయాలజీ, లోపలంతా కెమిస్ట్రీ. ఆకులు తయారుచేసిన తిండిలో కొంత భాగాన్ని వేరు చక్కెరలుగా, ఆమ్లాలుగా మట్టిలోకి వదిలేస్తుంది, దానికోసం చేరే బ్యాక్టీరియా వల్ల వేరుని అంటుకున్న కాస్త మట్టిలో ఉండే గుంపు మిగతా పొలంలో ఉన్నదానికి భిన్నంగా తయారవుతుంది. ఆ కాస్త మట్టికి 1904లో హిల్ట్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త రైజోస్పియర్ అని పేరు పెట్టాడు. పప్పుజాతి మొక్కలు ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు కూడా వదులుతాయి. తనకి సరిపడే మొక్క అని రైజోబియం, అంటే ఆ బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా, వాటిని బట్టే గుర్తుపట్టి తిరిగి తన రసాయనం పంపుతుంది, అది అందాకే బుడిపె కట్టడం మొదలు. పిలుపూ రసాయనమే, జవాబూ రసాయనమే.

మన కొండవార ఎర్ర నేలల్లో రాగిలో కంది కలిపి వేస్తారు కదా. ఆ నేలల్లో భాస్వరం ఇనుముతో బిగుసుకుపోయి ఉంటుంది. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనేదాన్ని వదిలి ఇనుముని పట్టేస్తుంది, భాస్వరం విడివడుతుంది. ఇది ఎక్కడో విదేశంలో కాదు, హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో తేల్చిన సంగతే, 1990లో అచ్చయింది. మీ అమ్మాయికి ఇది చెప్పండి, కెమిస్ట్రీ భయం సగం పోతుంది.

ఇంకో మాట. మట్టిలో బ్యాక్టీరియా చాలామటుకు ల్యాబు ప్లేట్ల మీద పెరగదు. అందుకని మట్టిలోంచి డీఎన్‌ఏ తీసి, అందులో ఏ బ్యాక్టీరియానో గుర్తుపట్టడానికి పనికొచ్చే 16ఎస్ అనే జన్యువు చదివి ఏవేవి ఉన్నాయో లెక్కకడతారు, ఆ లెక్కంతా కంప్యూటర్ మీదే. కాబట్టి స్టాటిస్టిక్స్ కూడా తప్పదు.

ఉద్యోగం సంగతి. నా ఓటు నాలుగేళ్ళ బీఎస్సీ అగ్రికల్చర్‌కి. భువనేశ్వర్‌లో ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఓయూఏటీ ఉంది, వేరే రాష్ట్రాల్లో ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) కోటా సీట్లకి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. శ్రీకాకుళం దగ్గర నైరా కాలేజీ మీకు బస్సు దూరమే గానీ ఆంధ్ర సీట్లకి లోకల్ నిబంధన ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి. పరిశోధన దాకా వెళ్ళాలంటే తర్వాత సాయిల్ సైన్సులోనో అగ్రికల్చరల్ మైక్రోబయాలజీలోనో ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ, మొత్తం పదేళ్ళ మాట, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మధ్యలో మనసు మారినా ఈ డిగ్రీతో బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్, వ్యవసాయ శాఖ, విత్తనాల కంపెనీలు, జీవన ఎరువుల కంపెనీలు ఉన్నాయి. బోటనీతో ఇన్ని దారులుండవు. ప్రైవేటు కాలేజీలో బయోటెక్నాలజీ అని ఎవరైనా ఊరిస్తే ఫీజు కట్టకముందే ల్యాబు తలుపు తీయించి చూడండి. నేను చదివిన చోట మూడేళ్ళూ దానికి తాళమే.

ఈలోగా అమ్మాయిని ఆ ప్రయోగం పూర్తి చేయమనండి. బుడిపెలు రాకపోవడం ఇసకలో బ్యాక్టీరియా లేకనా, మొక్కే సరిగ్గా పెరగకనా అన్నది ఇంకా తేలలేదు. కొన్ని ఇసక డబ్బాల్లో గుప్పెడు పెరటి మట్టి, కొన్నిటిలో అదే మట్టిని బ్యాక్టీరియా చచ్చేలా పెనం మీద బాగా వేయించి కలిపి, మళ్ళీ ఉలవలు వేయాలి. రకానికి ఒక్క డబ్బా కాదు, నాలుగేసి పెట్టమనండి, లేకపోతే రేపు ఏ ప్రొఫెసరూ ఆ లెక్క ఒప్పుకోడు.